దూరపు విత్తనంతో మన మొక్కజొన్నను మెరుగుపరచడం: మొదటి కాగితం నుంచి చివరి ట్రయల్ దాకా

శ్రీకాకుళం జిల్లా నైర కాలేజీలో వ్యవసాయం చదువుతున్న పిల్లలు, రణస్థలం, లావేరు వైపు సొంతంగా విత్తనం తీద్దామనుకుంటున్న రైతులు, విజయనగరంలో చిన్నగా విత్తన వ్యాపారం పెట్టినవాళ్ళు కొన్నాళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎక్కడెక్కడి మొక్కజొన్న విత్తనాలో తెచ్చి బ్రీడర్లు కొత్త రకాలు తీస్తారు కదా, అది ఏ వరసలో చేస్తారు, మనం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

ఇక్కడ వరసే ముఖ్యం. బయటి విత్తనం నుంచి మనకు కావాల్సింది ఒకటో రెండో లక్షణాలు మాత్రమే, దానితోపాటు వచ్చే మిగతా జన్యువుల్లో చాలా భాగం మన నేలకి, మన పగటి పొడవుకి, మన తెగుళ్ళకి పనికిరానివి. కావాల్సింది ఉంచుకుని మిగతాది వదిలించుకోవడమే ఈ పనంతా. సంవత్సరానికి ఖరీఫ్, రబీ రెండు పంటలూ వాడుకున్నా కనీసం ఐదేళ్ళు పడుతుంది. అంత ఓపిక ఉంటేనే దిగండి.

1. విత్తనం వెతకడానికి ముందు ఒక కాగితం రాయండి

"దిగుబడి పెరగాలి" అని రాయొద్దు. అలా రాస్తే ఏ విత్తనం తెచ్చుకోవాలో తేలదు. ఇప్పుడు మీ ఊళ్ళో బాగా వేస్తున్న హైబ్రిడ్‌లో ఏది తక్కువో అది రాయండి.

కాగితం మీద ఉండాల్సినవి:

- ఏ సీజను, ఏ నేల: ఖరీఫ్ మెట్టా, లేక వరి కోసిన మాగాణిలో రబీ పంటా
- ఒక ప్రధాన లోటు: గాలికి పడిపోవడం, పూత తర్వాత కాండం కుళ్ళు, టర్సికమ్ ఆకుమాడు, పాముపొడ, లేత దశలో నీరు నిలిస్తే తట్టుకోలేకపోవడం
- ఒక చిన్న లోటు, అంతకు మించి వద్దు
- ఏ మార్పు వస్తే రైతు ఒప్పుకోడు: గింజ రంగు, పంటకాలం, కండె చివర గింజ పట్టకపోవడం

మెట్టకూ మాగాణికీ ఒకే రకం తీద్దామని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో అది కుదరని పని. వరి కోశాక దున్నకుండా వేసిన మొక్కజొన్నకి మొదటి నెలలో తడి ఎక్కువ, పూత నాటికి ఎండ ఎక్కువ. లావేరు ఎర్ర నేలలో ఖరీఫ్ పంటకి మధ్యలో వాన ముఖం చాటేయడమే కష్టం, తర్వాత తుపాను గాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఖరీఫ్‌కి రకం తీసేవాళ్ళు కాండం గట్టిదనాన్ని ప్రధాన లోటు కింద రాసుకోవాలి.

2. విత్తనం ఎక్కడిది, ఎంత, ఏ కాగితాలతో

మూలాలు నాలుగు రకాలు. పాత నాటు రకాలు, మన ఏజెన్సీ గ్రామాల్లో ఇంటి వెనక పెంచుకునే చిన్న కండె మొక్కజొన్నలతో సహా. పరిశోధన సంస్థలు తీసిన ఇన్‌బ్రెడ్ లైన్లు, అంటే తరాల తరబడి సొంత పుప్పొడే వేసి మొక్కలన్నీ ఒకేలా ఉండేలా స్థిరపరచినవి. అనేక రకాలు కలిపి కట్టిన కాంపోజిట్లు, పాప్యులేషన్లు. చివరిది అడవి జాతి టియోసింటే, దాన్ని పరిశోధన కేంద్రాలకు వదిలేయండి.

మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా రెండో రకం. అంతర్జాతీయ సంస్థ సిమ్మిట్ విడుదల చేసిన సీఎంఎల్ (సిమ్మిట్ మొక్కజొన్న లైను) లైన్లు కొన్ని వందలున్నాయి, వాటిలో ఉష్ణమండల లైన్లు మన దగ్గర తేలిగ్గా ఇముడుతాయి. ఆ సంస్థ ఆసియా కార్యక్రమం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోనే నడుస్తోంది. లూధియానాలోని భారత మొక్కజొన్న పరిశోధన సంస్థకి రాజేంద్రనగర్‌లో శీతాకాల నర్సరీ ఉంది. మన రాష్ట్రంలో మొక్కజొన్న పని పెద్దాపురం వ్యవసాయ పరిశోధన స్థానంలో జరుగుతుంది. నాటు రకాల కోసమైతే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్ జన్యు బ్యాంకు.

కాగితాల విషయంలో బద్ధకించొద్దు. విదేశీ విత్తనం ఎన్‌బీపీజీఆర్ అనుమతితో, క్వారంటైన్ దాటుకునే రావాలి. జేబులో వేసుకొచ్చిన పది గింజలు కొత్త తెగులును కూడా తేగలవు. అంతర్జాతీయ సంస్థ నుంచి తీసుకుంటే ప్రామాణిక మెటీరియల్ బదిలీ ఒప్పందం మీద సంతకం ఉంటుంది, అది చదివి దాచుకోండి. మన దేశంలో రిజిస్టరైన రకాన్ని కొత్త రకం తీయడానికి వాడుకునే వీలు 2001 నాటి రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఇస్తుంది, కానీ దాన్నే మళ్ళీ మళ్ళీ తల్లిదండ్రిగా పెట్టి వ్యాపారానికి విత్తనం తీయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. రైతుగా ఒంటరిగా వెళ్ళడం కంటే విశ్వవిద్యాలయ పరిశోధన స్థానంతో కలిసి వెళ్తే ఇదంతా సులువు.

ఎంత విత్తనం అన్నదాంట్లో ఎక్కువమంది పొరపడతారు. ఇన్‌బ్రెడ్ లైను అయితే 50 గింజలు చాలు, అన్నీ ఒకటే. నాటు రకంలో ప్రతి మొక్కా వేరు. ఒక జన్యు రూపం నూటికి ఐదు పాళ్ళే ఉందనుకోండి, అది మీ సంచిలోకి 95 శాతం ఖాయంగా రావాలంటే కనీసం 30 వేర్వేరు మొక్కల గింజలు ఉండాలి. అందుకే ఒకే పెద్ద కండె అడిగి తెచ్చుకోవద్దు. 30 నుంచి 50 కండెల నుంచి, చిన్నవాటితో సహా, తలా కొన్ని గింజలు తీసుకోండి.

3. మొదటి సీజను క్రాస్ చేయకండి, చూడండి

తెచ్చిన ప్రతి విత్తనాన్నీ నాలుగు మీటర్ల సాలు చొప్పున వేయండి. 60 సెంటీమీటర్ల సాళ్ళలో మొక్కకి మొక్కకి 20 సెంటీమీటర్లు. గింజలు తక్కువ కాబట్టి అన్నిటినీ మూడేసి సార్లు వేయలేరు, దానికి బదులు ప్రతి పది పదిహేను సాళ్ళకి మీ ఊరి హైబ్రిడ్ రెండు రకాలు చెక్‌గా, అంటే పోలిక కోసం, వేస్తూ పోండి. పొలంలో ఏ మూల బలం ఎక్కువో ఆ చెక్ సాళ్ళే చెప్తాయి.

రాసుకోవాల్సినవి:

- సగం మొక్కలకి మగపూత విచ్చిన రోజు, సగం మొక్కలకి పీచు వచ్చిన రోజు, రెండింటి మధ్య ఎడం
- మొక్క ఎత్తు, కండె ఉన్న ఎత్తు
- ఆకుమాడు, పాముపొడ, కాండం కుళ్ళుకి 1 నుంచి 9 వరకు మార్కు
- వేళ్ళతో వాలినవి ఎన్ని, కాండం విరిగినవి ఎన్ని, విడివిడిగా
- కత్తెర పురుగు గాయాలు, కొన్ని సాళ్ళకి మందు కొట్టకుండా వదిలి

ఇక్కడ పగటి పొడవు గురించి చెప్పాలి, దీన్ని పట్టించుకోకపోతే మొత్తం తీర్పే తప్పుతుంది. మన జిల్లాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. ఉష్ణమండల మొక్కజొన్నని అమెరికా వేసవిలో వేస్తే పగలు పొడుగ్గా ఉండి పూత ఆలస్యమై చెట్టులా పెరుగుతుంది. చలిదేశపు లైను మన దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. అయోవాలో పుట్టి 1972లో విడుదలైన బీ73 లాంటిది ఇక్కడ పొట్టిగా ఉండి తొందరగా పూతకొచ్చేసి ఆకుమాడుకి దొరికిపోతుంది. మెక్సికో కొండ ప్రాంతపు రకాలు మన వేడికి కుంగిపోతాయి.

అలాగని ఆ సాలుని చూసి పనికిరాదని కొట్టేయకండి. చలిదేశపు లైన్లలో నిటారు ఆకు, దగ్గర దగ్గరగా వేసినా కండె కట్టే గుణం, కోతకు ముందు గింజ తొందరగా ఆరడం ఉంటాయి, అవి మనకు నిజంగా కావాల్సినవే. మొక్క మొత్తాన్ని మార్కు వేయకుండా మీ కాగితం మీద రాసిన లోటుకు సంబంధించిన ఒక్క గుణాన్నే చూడండి. దిగుబడిలో అట్టడుగున ఉన్న సాలు కాండం కుళ్ళు తట్టుకోవడంలో అందరికన్నా పైన ఉండొచ్చు. మీకు కావాల్సిన దాత, అంటే గుణాన్ని ఇచ్చే విత్తనం, అదే.

4. గుంపు తెలియకుండా క్రాస్ వద్దు

హైబ్రిడ్ బలం బంధుత్వంలో దూరమైన రెండు గుంపుల లైన్ల మధ్య క్రాస్ నుంచి వస్తుంది. సిమ్మిట్ లైన్లకి ఎ, బి అని గుంపులున్నాయి, అమెరికాలో స్టిఫ్ స్టాక్, నాన్ స్టిఫ్ స్టాక్ అంటారు. కొత్త విత్తనాన్ని ఎ గుంపు లైనులోకీ బి గుంపు లైనులోకీ విచ్చలవిడిగా కలిపేస్తే కొన్నేళ్ళకి రెండు గుంపులూ ఒకటైపోతాయి, తర్వాత ఎంత మంచి లైన్లు తీసినా వాటి హైబ్రిడ్‌లో ఊపు ఉండదు.

దాత ఏ గుంపో తెలుసుకునే పద్ధతి సులువే. రెండు గుంపుల నుంచి ఒక్కో టెస్టర్ లైను (పరీక్షకి వాడే, గుంపు తెలిసిన లైను) తీసుకుని దాతని రెండింటితోనూ క్రాస్ చేయండి, వచ్చిన సంకరాలను వచ్చే సీజన్లో పక్కపక్కన వేయండి. ఎ టెస్టర్‌తో దిగుబడి బాగా పెరిగి బి టెస్టర్‌తో పెరగకపోతే దాత బి వైపుది, కాబట్టి బి లైన్లలోకే ఎక్కించాలి. ఈ ఒక్క సీజను ఖర్చుకి వెనకాడకండి.

5. పూత కలపడం, చేతితో పుప్పొడి వేయడం

రబీలో మన దగ్గర చుట్టూ మొక్కజొన్నే. విడి పొలంలో దూరం పాటించాలంటే 200 నుంచి 400 మీటర్లు కావాలి, చీపురుపల్లి, గరివిడి వైపు అంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? నెల రోజులు ముందో వెనకో వేసి తప్పించుకోవచ్చు, కానీ ఆలస్యమైతే పూత ఏప్రిల్ ఎండలో పడుతుంది. 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తొందరగా చచ్చిపోతుంది. అందుకని సంచులు కట్టి చేతితో చేయడమే ఖాయమైన దారి.

ముందు పూత కలవాలి. మొదటి సీజన్లో రాసుకున్న పూత రోజులు ఇప్పుడు పనికొస్తాయి. చలిదేశపు దాత పది రోజులు ముందు పూస్తుందంటే మన లైను ముందు వేసి దాతని పది రోజుల తర్వాత వేయండి. లెక్క మీద నమ్మకం లేకపోతే దాతని వారం వారం తేడాతో మూడు సార్లు, కొంచెం కొంచెంగా వేయండి, నేనైతే లెక్క సరిగ్గా ఉన్నా అలాగే వేస్తాను.

తర్వాత వరస:

1. కండె ఆకు కణుపులోంచి తొంగిచూడగానే, పీచు ఇంకా రాకముందే, చిన్న బటర్ పేపర్ సంచి తొడగండి. పీచు బయటపడ్డాక తొడిగితే ఆ కండె లెక్కలోకి రాదు, వదిలేయండి.
2. రోజూ సంచిలోంచే చూడండి. పీచు కనిపించాక, కలిపే ముందురోజు, కండె కొసని పదునైన కత్తితో కోసి వెంటనే సంచి తొడిగేయండి. మర్నాటికి పీచు కుచ్చులా సమానంగా లేస్తుంది, గింజ నిండుగా పడుతుంది.
3. అదే సాయంత్రం మగ మొక్క పూతకి బ్రౌన్ పేపర్ సంచి కట్టి కింద క్లిప్ పెట్టండి. పూత మీద పడి ఉన్న పక్క పొలాల పుప్పొడి తెల్లారేసరికి చచ్చిపోతుంది, ఉదయం రాలేది ఆ మొక్కదే.
4. మంచు ఆరాక, ఎనిమిది నుంచి పదకొండు మధ్య, మగపూతను వంచి సంచిని తట్టి పుప్పొడి దించండి. తడిసి ముద్ద కట్టిన పుప్పొడి వాడొద్దు.
5. కండె సంచి తీయడం, పుప్పొడి పోయడం, పెద్ద సంచి తొడగడం మూడూ ఒక్క ఊపులో అయిపోవాలి. గాలి వీస్తుంటే ఆగండి.
6. సంచి మీద తల్లి సంఖ్య, తండ్రి సంఖ్య, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా మంచుకి కరిగిపోతుంది.
7. తండ్రి మారేటప్పుడు చేతులు, చొక్కా చేతులు తుడుచుకోండి.

పీచు వచ్చిన మొదటి నాలుగైదు రోజులే బాగా పట్టే సమయం. మగపూతకీ పీచుకీ ఎడం ఎక్కువున్న దాతని ఆడగా పెడితే ఇబ్బంది, మగగా పెట్టండి. పేలాల రకాన్ని దాతగా వాడుతుంటే అది ఎప్పుడూ మగగానే ఉండాలి. చాలా పేలాల రకాల పీచు మామూలు మొక్కజొన్న పుప్పొడిని రానివ్వదు, తిరగేసి చేస్తే మాత్రం గింజ పడుతుంది.

కలిసిందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఒకటుంది. తల్లి తెల్ల గింజది, తండ్రి పసుపుది అయితే క్రాస్ పడిన గింజ ఆ కండె మీదే పసుపు రంగుకి వస్తుంది. తెల్లగా మిగిలిన గింజలు సొంత పుప్పొడివి.

6. బయటి రక్తం ఎంత ఉండాలి

ఫలితం దాదాపుగా ఇక్కడే నిర్ణయమవుతుంది.

మొదటి క్రాస్‌లో దాత పాలు 50 శాతం. దాన్ని మళ్ళీ మన లైనుతో కలిపితే 25, ఇంకోసారి కలిపితే 12.5, ఇంకోసారికి 6.25. ఎక్కడ ఆపాలన్నది రెండు ప్రశ్నల మీద ఉంటుంది. కావాల్సిన గుణం ఒక్క జన్యువుదా, చాలా జన్యువులదా? దాత మన వాతావరణానికి ఎంత దూరం?

ఒక్క జన్యువు గుణమైతే, ఉదాహరణకి గింజ ప్రొటీన్‌లో లైసిన్ అనే పోషకాన్ని పెంచే ఒపేక్-2, ఐదారు సార్లు వెనక్కి, అంటే మళ్ళీ మన లైనుతోనే, కలపండి. ప్రతి తరంలో సగం మొక్కల్లోనే ఆ జన్యువు ఉంటుంది. ఏడు మొక్కలు చూస్తే ఒకదాంట్లోనైనా దొరకడం 99 శాతం ఖాయం, కానీ మన లైను పోలికలు కూడా ఏరాలి కాబట్టి 20, 30 పెంచండి. ఒపేక్-2 అణిగి ఉండే జన్యువు, కంటికి కనపడదు, ప్రతి తరం డీఎన్ఏ మార్కర్ పరీక్ష చేయించండి. అది కుదరకపోతే ఒక తరం సెల్ఫ్ (సొంత పుప్పొడి వేయడం), ఒక తరం క్రాస్ చొప్పున నడపాలి, సమయం రెట్టింపు.

కాండం బలం, తెగులు తట్టుకోవడం, దిగుబడి లాంటివి చాలా జన్యువుల పని. వీటికి ఐదారు సార్లు వెనక్కి కలిపితే తెచ్చుకున్నదంతా కరిగిపోతుంది. దాత కూడా ఉష్ణమండలపుదే, ఇక్కడ బాగానే నిలబడిందంటే 50 శాతం దగ్గరే ఆగి ఏరడం మొదలుపెట్టండి. దాత చలిదేశపుదో, కొండ రకమో, ఎప్పుడూ బ్రీడింగ్ చూడని నాటు రకమో అయితే 25 శాతం. అమెరికాలో జెమ్ అనే ఉమ్మడి కార్యక్రమం ఉష్ణమండల విత్తనంతో ఇదే చేసింది. దాతని ఒక మేటి లైనుతో కలిపి, వచ్చినదాన్ని అదే గుంపులోని ఇంకో మేటి లైనుతో కలిపారు. రెండోసారి అదే లైను కాకుండా వేరే లైను వాడటం వల్ల మేటి వైపు కూడా వైవిధ్యం మిగులుతుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, మన చిన్న స్థాయికి కూడా సరిపోతుంది.

ఇంకొక సంగతి, సైటోప్లాజం, అంటే కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం, తల్లి నుంచే వస్తుంది. అన్ని క్రాసుల్లో ఒకే తల్లిని పెట్టుకుంటూ పోకండి. 1970లో అమెరికా హైబ్రిడ్లలో ఎక్కువ భాగం టీ అనే ఒకే రకం సైటోప్లాజం మీద ఉండటంతో మాయిడిస్ ఆకుమాడు తెగులులో ఒక కొత్త రేస్ (ఉపరకం) వాటిని ఊడ్చేసింది.

7. ఏరడం: మొదట్లో చేయి వదులుగా

25 శాతం తరం గింజలు 2,000 మొక్కలయ్యేలా వేయండి. పైన చెప్పిన ఎడంలో దానికి ఆరు సెంట్ల నేల చాలు. ఆ ముక్కని 40 మొక్కల చొప్పున 50 గళ్ళు చేసి, ప్రతి గడిలోంచి మేటి నాలుగు మొక్కలు తీసుకోండి. మొత్తం పొలంలోంచి మేటివి ఏరితే ఎరువు ఎక్కువ పడిన మూల నుంచే అన్నీ వస్తాయి, గళ్ళు ఉంటే ఆ మోసం జరగదు.

మొదటి తరంలో అతి తొందరగా పూసేవి, అతి ఆలస్యంగా పూసేవి, ఆకుమాడుకి నిలువునా ఎండినవి తీసేయండి. కండె సైజు చూసి గట్టిగా ఏరొద్దు. ఇప్పుడే 10 మొక్కలకి తగ్గించేస్తే కావాల్సిన జన్యువు తోడున్న చెడుతో కలిసి బయటికి పోతుంది. ఏరిన కండెల నుంచి సమానంగా గింజలు కలిపి ఇంకో తరం వాటిలో వాటిని కలవనిస్తే మంచీ చెడూ జన్యువుల అతుకులు కొన్ని విడిపోతాయి. నాటు రకాలకి ఈ తరం తప్పనిసరి అంటాను, ఇన్‌బ్రెడ్ దాతకి అక్కర్లేదు.

తెగులు కోసం ఏరుతుంటే తెగులు ఉండాలి. టర్సికమ్ కోసం కిందటి పంట ఎండాకులు పొడి చేసి, 35, 40 రోజుల పైరు సుడుల్లో సాయంత్రం పూట చిటికెడు వేయండి. పక్క రైతు పైరుకి దూరంగా, పరిశోధన స్థానం వాళ్ళని అడిగి మాత్రమే.

8. లైన్లు తీయడం

ఏరిన మొక్కలకి సొంత పుప్పొడి వేసి, ఒక కండె ఒక సాలుగా వేస్తూ పోవడమే. ఒక్కో సెల్ఫింగ్‌కి మిగిలిన తేడా సగమవుతుంది, ఐదోసారికి 97 శాతం దగ్గర స్థిరపడుతుంది.

మొదటి సెల్ఫింగ్‌లో తెల్ల మొలకలు, మరుగుజ్జులు, పూత రానివి చాలా వస్తాయి. నాటు రకాల్లో దాగి ఉన్న చెడు జన్యువులు ఇప్పుడే బయటపడతాయి. టెన్షన్ పడకండి, తీసి పారేయండి. అందుకే మొదటి సెల్ఫింగ్ కనీసం 100 మొక్కల మీద చేయాలి.

డబుల్డ్ హాప్లాయిడ్ పద్ధతిలో, అంటే సగం క్రోమోజోములున్న మొక్కలు తీసి వాటిని రెట్టింపు చేసే పద్ధతిలో, రెండు మూడు సీజన్లలోనే స్థిరమైన లైన్లు వస్తాయి. కర్ణాటకలోని కుణిగల్‌లో దానికి కేంద్రం ఉంది. కానీ నాటు రకాన్ని నేరుగా అందులో పెడితే ఎక్కువ లైన్లు చచ్చిపోతాయి, 25 శాతం తరం నుంచి పంపితే మేలు.

9. టెస్ట్‌క్రాస్, ట్రయల్

లైను అందంగా ఉందని మురిసిపోవద్దు, హైబ్రిడ్‌లో ఎలా ఉందన్నదే లెక్క. రెండు మూడు సెల్ఫింగులయ్యాక ఎదుటి గుంపు టెస్టర్‌తో క్రాస్ చేసి పరీక్షించండి, చివరిదాకా ఆగితే పనికిరాని లైన్ల మీద రెండేళ్ళు పోతాయి.

- కనీసం రెండు చోట్ల, రెండు సీజన్లు, మూడేసి సార్లు
- మీ ఊళ్ళో రైతులు డబ్బు పెట్టి కొంటున్న హైబ్రిడ్లే చెక్‌లు
- చుట్టూ రక్షణ సాళ్ళు, వాటిని తూకంలో కలపొద్దు
- తేమ కొలిచి 15 శాతానికి సరిచేయడం: తూకాన్ని (100 మైనస్ తేమ)తో గుణించి 85తో భాగించండి

ఈ ఆఖరి లెక్క వదిలేస్తే ఆలస్యంగా పండే, తడి గింజల సంకరం ఎప్పుడూ గెలిచినట్టే కనిపిస్తుంది.

10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

కండె మీద గింజలు అక్కడక్కడే పడ్డాయి: పుప్పొడి పాతబడింది, లేదా పీచు ముదిరింది. వేసే తేదీలు దగ్గర చేయండి, ఉదయం ఇంకా ముందు మొదలెట్టండి.

క్రాస్ అనుకున్న సాలులో మొక్కలు తలోరకంగా ఉన్నాయి: రెండు ఇన్‌బ్రెడ్ లైన్ల సంకరం ఒకే తీరుగా ఉండాలి. తేడా ఉంటే బయటి పుప్పొడి పడింది, దాచుకున్న విత్తనంతో మళ్ళీ క్రాస్ చేయండి. తండ్రి నాటు రకమైతే మాత్రం తేడాలు సహజమే.

రెండుసార్లు వెనక్కి కలిపాక గుణం కనపడటం లేదు: ఏరేటప్పుడు తెగులు లేని ఏడు వచ్చి ఉంటుంది. ముందు తరం గింజలు తీసి తెగులు పెట్టిన మడిలో మళ్ళీ ఏరండి.

చివరి రెండు సవరణలకీ పాత విత్తనం ఉండాలి. ప్రతి తరం నుంచీ, ప్రతి దాత నుంచీ కొంత వేరుగా దాచండి. నీడన 10 శాతం తేమకి ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, వేడి ఐదు డిగ్రీలు తగ్గినా అంతే. ఏటా 25 గింజలు మొలకెత్తించి చూడండి. మొలక బాగా పడిపోతుంటే ఆ దాతని మళ్ళీ పెంచాలి. నాటు రకమైతే 100 కండెలకి తగ్గకుండా, మొక్కకి మొక్క జతలుగా చేతితో కలిపి, ప్రతి కండె నుంచీ సమానంగా గింజలు తీసి కలిపి, డబ్బా మీద కొత్త సంవత్సరం రాయండి.